పడవ మోటారుకు నీటి కింద దెబ్బ తగిలితే: అది ఎక్కడ ఆగింది, ఎంత లోతుకు వెళ్లింది?

వానాకాలం వచ్చిందంటే సముద్రం లేని హైదరాబాద్‌లోనూ పడవల మాట వినబడుతుంది. 2020 అక్టోబరు 13న కురిసిన కుంభవృష్టికి టోలిచౌకిలోని నదీం కాలనీ వంటి చోట్ల ఇళ్లు మునిగినప్పుడు జనాన్ని పడవల మీదే బయటకు తీసుకొచ్చారు. హుస్సేన్ సాగర్‌లో విహార పడవలు, తెరచాప పడవల పోటీలప్పుడు వాటి వెంట ఉండే రక్షణ బోట్లు ఏడాది పొడవునా కనిపిస్తూనే ఉంటాయి. వీటిలో చిన్నవాటిని నడిపేది ఎక్కువగా వెనక పలకకు బిగించే ఔట్‌బోర్డ్ మోటారు. విపత్తు దళాల వాళ్లు దాన్ని పొట్టిగా ఓబీఎం అంటారు.

ఈ మోటారుకు నీళ్లలో కనబడనిదేదో తగిలిన తరువాత మొదలయ్యే వాదన ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ప్రొపెల్లరు (నీళ్లను వెనక్కి తోసి పడవను నడిపే రెక్కల చక్రం) రెక్క వంగింది, మార్చేస్తే సరిపోతుందని ఒకరంటారు. మొత్తం విప్పి చూడాలని ఇంకొకరంటారు. గేర్ పెట్టె పోయిందని మూడో మనిషి. ముగ్గురి మాటా కొన్ని సందర్భాల్లో నిజమే. ఎవరి మాట ఎప్పుడు నిజమో తెలియాలంటే దెబ్బ మోటారులో ఏ దారిన ప్రయాణించిందో, ఎక్కడ ఆగిందో చూడాలి. వంగిన రెక్క అందరికీ కనబడుతుంది. డబ్బు ఖర్చయ్యేది, ప్రాణాల మీదకు వచ్చేది మాత్రం కనబడని చోట.

మోటారులో ఏ భాగం ఎక్కడ ఉంటుంది

ఔట్‌బోర్డ్ మోటారును నిలువుగా మూడు భాగాలు అనుకోవచ్చు. పైన మూత కింద ఉండేది ఇంజిన్. మధ్యలో పొడవాటి కాలు. దాని లోపలి నుంచి ఒక నిలువు షాఫ్టు కిందికి దిగుతుంది. అడుగున నీళ్లలో మునిగి ఉండేది గేర్ పెట్టె. నిలువు షాఫ్టు చివర ఉన్న చిన్న గేరు, అడ్డంగా ఉన్న షాఫ్టు మీది పెద్ద గేర్లను తిప్పుతుంది. ముందుకు వెళ్లడానికి ఒకటి, వెనక్కి రావడానికి ఒకటి. రెండింటి మధ్య జరుగుతూ ఏదో ఒకదాన్ని పట్టుకునే క్లచ్ ముక్క ఉంటుంది. అడ్డ షాఫ్టు బయటి కొసకు ప్రొపెల్లరు.

గేర్ పెట్టె నిండా ఆయిలు ఉంటుంది. షాఫ్టు బయటికి వచ్చే చోట రబ్బరు ఆయిల్ సీళ్లు నీళ్లను లోపలికి రానివ్వవు, ఆయిలును బయటికి పోనివ్వవు. గేర్ పెట్టెకు సరిగ్గా పైన నీటి పంపు ఉంటుంది. అందులో తిరిగే రబ్బరు చక్రం చెరువు నీటినే పైకి తోడి ఇంజిన్‌ను చల్లబరుస్తుంది. ప్రొపెల్లరు కింద పలుచని లోహపు రెక్క ఒకటి దిగి ఉంటుంది, దాన్ని స్కెగ్ అంటారు. ఏదైనా తగిలితే ప్రొపెల్లరు కంటే ముందు ఆ దెబ్బ తినేది, పడవ ఒక పక్కకు లాగకుండా దిశ నిలపడంలో సాయపడేది అదే.

ఒకే తాకిడిలో రెండు దెబ్బలు

“మెల్లగానే వెళ్తున్నాం, పెద్దగా ఏమీ కాలేదు” అనే మాట తరచూ వింటాం. ఇందులో సగమే నిజం. తాకిడిలో రెండు వేర్వేరు దెబ్బలు ఉంటాయి. ఒకటి పడవ వేగం వల్ల మోటారు కాలుకు తగిలేది. రెండోది తిరుగుతున్న ప్రొపెల్లరుకు తగిలేది. మొదటిదానికి పడవ వేగం ముఖ్యం, రెండోదానికి ఇంజిన్ వేగం ముఖ్యం.

మొదటిది లెక్కవేద్దాం. మనుషులు, మోటారు, సామానుతో కలిపి 700 కిలోల పడవ గంటకు 9 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే దాని గతిశక్తి, అంటే కదలిక వల్ల దానికి ఉండే శక్తి, దాదాపు 2,200 జౌళ్లు. అదే పడవ 27 కిలోమీటర్ల వేగంలో ఉంటే దాదాపు 19,700 జౌళ్లు. వేగం మూడింతలైతే శక్తి తొమ్మిదింతలవుతుంది. ఇదంతా మోటారులోకే పోదు. కాలు పైకి లేస్తుంది, పడవ పక్కకు తిరుగుతుంది, కొంత నీళ్లలో కలిసిపోతుంది. అయినా తొమ్మిదింతల తేడా చిన్నది కాదు.

ఇక రెండో దెబ్బ. ప్రొపెల్లరు వ్యాసం 10 అంగుళాలు అనుకుందాం. దాని అంచు ఒక చుట్టు తిరిగితే దాదాపు 80 సెంటీమీటర్ల దూరం పోతుంది. ఇంజిన్ నిమిషానికి 5,000 చుట్లు తిరుగుతూ, గేర్లు ఆ వేగాన్ని సగానికి తగ్గిస్తుంటే ప్రొపెల్లరు తిరిగేది 2,500 చుట్లు. అంటే రెక్క అంచు నిమిషానికి 2 కిలోమీటర్లు, గంటకు 120 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోందన్నమాట. ఇంజిన్‌ను 1,500 చుట్లకు తగ్గిస్తే అంచు వేగం గంటకు 36 కిలోమీటర్లకు పడిపోతుంది.

బరువెక్కిన పడవను ప్రవాహానికి ఎదురు తోలేటప్పుడు పడవ మనిషి నడక వేగంతో కదులుతున్నా ఇంజిన్ పూర్తి వేగంతో తిరుగుతూ ఉండవచ్చు. అప్పుడు రాయి తగిలితే కాలుకు తగిలే దెబ్బ చిన్నదే, గేర్లకు తగిలేది మాత్రం పెద్దది. ఇంజిన్ ఆపి జోరుగా జారుతున్న పడవకు జరిగేది దీనికి తారుమారు. అందుకే అనుభవమున్న మెకానిక్కు “ఎంత వేగంలో ఉన్నారు?” అని ఊరుకోడు. “గేరులో ఉందా? ముందుకా, వెనక్కా? ఎంత రేసులో ఉంది?” అని కూడా అడుగుతాడు.

దెబ్బను మింగడానికే పెట్టిన భాగాలు

తయారీదారులు ఈ తాకిడిని ముందే ఊహించారు. చిన్న మోటార్లు కొన్నింటిలో ప్రొపెల్లరుకు, షాఫ్టుకు మధ్య మెత్తని లోహపు పిన్ను ఒకటి ఉంటుంది. దెబ్బ తగలగానే అది తెగిపోతుంది. ప్రొపెల్లరు ఆగుతుంది, గేర్లు బతుకుతాయి. ఇంట్లో ఫ్యూజు తీగ చేసే పని ఇదే. ఆ తీగ తరచూ పోతోందని మందపాటి రాగి తీగ చుట్టేస్తే ఏమవుతుందో అందరికీ తెలిసిందే. తెగిన పిన్ను బదులు ఇనుప మేకు దూర్చినా, లేత్ మీద గట్టి ఉక్కు పిన్ను చేయించినా అంతే. మరుసటి దెబ్బకు పిన్ను తెగదు, దాని బదులు గేరు పళ్లు విరుగుతాయి.

కొంచెం పెద్ద మోటార్లలో పిన్ను ఉండదు. ప్రొపెల్లరు మధ్యలో రబ్బరు బుష్‌ను, అంటే గొట్టంలాంటి తొడుగును, బిగించి ఉంచుతారు. దెబ్బ తగిలితే అది తన గూటిలో జారి కొంత అదురును మింగుతుంది. కొత్త రకాల్లో రబ్బరుకు బదులు మార్చుకోగలిగే ప్లాస్టిక్ తొడుగు వస్తోంది. ఒకసారి గట్టిగా జారిన బుష్ ఆ తరువాత పట్టు కోల్పోవచ్చు. అప్పుడు ఇంజిన్ హోరుమంటుంది, పడవ మాత్రం ముందుకు పోదు. తక్కువ వేగంలో బుష్ కాస్త పట్టు నిలుపుకుంటుంది కాబట్టి మెల్లగా ఒడ్డుకు చేరగలుగుతారు. అలా చేరారు గనుక బాగానే ఉందనుకుని, మరునాడు పూర్తి బరువుతో బయలుదేరడంలోనే ప్రమాదం.

ఇదీ ఒక లెక్కతో తేలుతుంది. ప్రొపెల్లరు ఒక చుట్టుకు ముందుకు తోయవలసిన దూరాన్ని పిచ్ అంటారు. 11 అంగుళాల పిచ్ ఉంటే అది దాదాపు 28 సెంటీమీటర్లు. 2,500 చుట్లకు నిమిషానికి 700 మీటర్లు, అంటే గంటకు 42 కిలోమీటర్లు. నీళ్లు గట్టి పదార్థం కాదు కాబట్టి అంత రాదు. బరువును బట్టి నాలుగో వంతో, అంతకు మించో తగ్గుతుంది. అలాంటి పడవ ఇంజిన్ 5,000 చుట్లు చూపిస్తూ 10 కిలోమీటర్ల వేగం దాటకపోతే ఎక్కడో జారుడు ఉంది. అయితే అది బుష్ జారడమే కానక్కర్లేదు. రెక్క వంగి గాలిని లాక్కుంటున్నా ఇంచుమించు ఇవే లక్షణాలు కనిపిస్తాయి. ఈ రెంటినీ వేరు చేయడానికి వర్క్‌షాపుల్లో ఒక సులువైన పద్ధతి ఉంది. ప్రొపెల్లరు లోపలి గొట్టం మీద, బయటి భాగం మీద కలిసేలా రంగుతో ఒక గీత గీస్తారు. కాసేపు నడిపి చూసినప్పుడు గీత రెండు చోట్లకు విడిపోయి ఉంటే బుష్ జారినట్టే.

మూడో రక్షణ కాలుకు సంబంధించింది. ముందుకు వెళ్తూ దేన్నైనా గుద్దితే మోటారు పైకి లేచేలా చిన్నవాటిలో కొక్కెం, పెద్దవాటిలో హైడ్రాలిక్ కవాటం ఉంటాయి. వెనక్కి నడిపేటప్పుడు మాత్రం ప్రొపెల్లరు తోపుకు మోటారే పైకి లేవకుండా కొక్కెం బిగిసి ఉంటుంది. కాబట్టి వెనక్కి వస్తూ గోడకు గుద్దితే దెబ్బ మొత్తం మోటారును పడవకు పట్టి ఉంచే బ్రాకెట్టుకు, పడవ వెనక పలకకు పోతుంది. మునిగిన సందులో పడవను తిప్పడానికి చోటుండదు, వెనక్కి రావడం తప్పదు. వరద పనిలో బ్రాకెట్టు పగుళ్లను ప్రత్యేకంగా వెతకడానికి కారణం ఇదే.

దెబ్బ లోపలికి వెళ్తే

పిన్ను, బుష్ దెబ్బను పూర్తిగా మింగలేకపోతే అది వరుసగా ప్రొపెల్లరు షాఫ్టుకు, క్లచ్ ముక్కకు, గేరు పళ్లకు, నిలువు షాఫ్టుకు చేరుతుంది. మరీ తీవ్రంగా ఉంటే ఇంజిన్ వరకు పోవచ్చు. ఇంజిన్ వరకు పోవడం అరుదు. దెబ్బ తరువాత స్టార్ట్ కాకుండా మొరాయిస్తే మాత్రం ఫ్లైవీల్ (ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) కింద ఉండే చిన్న తాళం ముక్క తెగి, మంట రగిలే సమయం తప్పిందేమో చూస్తారు.

ఎక్కువగా చెడేది ప్రొపెల్లరు షాఫ్టు. వంపు కంటికి కనబడనంత చిన్నదైనా, షాఫ్టు తిరిగినప్పుడల్లా కొస కాస్త అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగుడు సీలు పెదవిని (షాఫ్టును ఒరుసుకునే రబ్బరు అంచును) ఒక పక్క నొక్కుతుంది, ఇంకో పక్క వదులు చేస్తుంది. బేరింగు మీద పోటు మారుతుంది. ప్రొపెల్లరు తీసేసి, ఇంజిన్ ఎట్టి పరిస్థితిలోనూ స్టార్ట్ కాకుండా స్పార్క్ ప్లగ్ తీగలు విడదీసి, షాఫ్టు కొస పక్కన కదలని సూచిక ఒకటి నిలబెట్టి చేత్తో తిప్పితే వంపు బయటపడుతుంది. ముల్లు తిరిగే కొలత గడియారం ఉంటే ఎంత వంగిందో అంకెల్లో తెలుస్తుంది. ఎంతవరకు ఫరవాలేదన్నది ఒక్కో మోడల్ సర్వీసు పుస్తకంలో ఒక్కోలా ఉంటుంది. అన్నింటికీ చెల్లే ఒకే అంకె లేదు.

సీలు దెబ్బతిన్నా నీళ్లు వెంటనే లోపలికి పోవు. చాలామందిని పొరబాటుకు గురిచేసే విషయం ఇది. మోటారు నడుస్తున్నంత సేపూ గేర్ ఆయిలు వేడెక్కి వ్యాకోచిస్తుంది. లోపలి ఒత్తిడి ఆయిలునే బయటికి తోస్తుంది. ఇంజిన్ ఆపగానే గేర్ పెట్టె చల్లని నీళ్లలో చల్లారుతుంది, ఆయిలు కుంచించుకుంటుంది, లోపల ఏర్పడిన లోటు బయటి నీటిని లాక్కుంటుంది. ఇలా వేడెక్కి చల్లారిన ప్రతిసారీ కొంచెం కొంచెం నీళ్లు చేరతాయి. దెబ్బ తగిలిన రోజు ఆయిలు చూసి “శుభ్రంగా ఉంది” అన్న మాట ఆ రోజుకు మాత్రమే నిజం. కొన్ని గంటలు నడిచాక, కొన్నిసార్లు ఆగి మొదలయ్యాక చూసినదే నమ్మదగిన పరీక్ష.

ఆయిలు నుంచి తెలిసేవి

గేర్ పెట్టె అడుగున ఒక స్క్రూ, పైన ఒక స్క్రూ ఉంటాయి. నీళ్లు ఆయిలు కంటే బరువైనవి. రాత్రంతా కదలకుండా నిలువుగా ఉంచిన మోటారుకు అడుగు స్క్రూ కాస్త వదులు చేస్తే, లోపల విడిగా నీళ్లు ఉంటే ముందుగా అవే కారతాయి. ఆయిలుతో చిలికినట్టు కలిసిపోయి ఉంటే ఆయిలు మసకబారి తెల్లగా కనిపిస్తుంది. చాలా మోటార్లలో అడుగు స్క్రూకు చిన్న అయస్కాంతం ఉంటుంది. దాని మీద సన్నని బూడిద రంగు ముద్ద అంటుకుని ఉండటం మామూలే, అది రోజువారీ అరుగుదల. వేళ్ల మధ్య గరుకుగా తగిలే పెచ్చులు, ముక్కలు ఉంటే ఎక్కడో గేరు పన్నో, క్లచ్ అంచో విరిగింది. విరిగిన ఆ ముక్క గేర్ల మధ్య పడితే మిగతావాటినీ నలిపేస్తుంది.

ఆయిలును కింది రంధ్రం నుంచే పైకి పంపుతూ, పై రంధ్రం నుంచి పొంగేవరకు నింపుతారు. పై నుంచి పోస్తే లోపల గాలి చిక్కుకుంటుంది. నింపాక స్క్రూల కింద పాత వాషర్లనే పెడితే, అక్కడి నుంచి చేరిన నీళ్ల నింద సీలు మీద పడుతుంది. సీలు సంగతి నిజంగా తేల్చేది గాలి పరీక్ష. ఆయిలు ఖాళీ చేసి, సర్వీసు పుస్తకం చెప్పిన స్వల్ప ఒత్తిడితో లోపలికి గాలి పంపి, ఒత్తిడి చూపే ముల్లు దిగుతుందేమో చూస్తారు. దిగితే సబ్బు నీళ్లు రాసి బుడగ ఎక్కడ వస్తోందో పట్టుకుంటారు. ఈ పరీక్షకు పట్టే సమయం తక్కువే. అయినా హడావుడిలో ఎక్కువగా వదిలేసేది దీన్నే.

ఒకే రకం మోటారు, రెండు నీళ్లు

హుస్సేన్ సాగర్‌ను ఊహించుకుందాం. ఏటా నిమజ్జనమయ్యే వినాయక విగ్రహాల లోపల ఇనుప చట్రాలు, కొయ్య దూలాలు ఉంటాయి. క్రేన్లతో చాలావరకు తీయిస్తారు, అయినా కొన్ని అడుగున మిగలవచ్చు. 1990లో తెప్ప మీద తీసుకెళ్తుండగా మునిగిపోయిన బుద్ధ విగ్రహమే 1992 డిసెంబరులో చెరువు మధ్యనున్న జిబ్రాల్టర్ రాతి మీద నిలిచేవరకు ఆ నీళ్ల అడుగున ఉండిపోయింది. పైగా ఈ నేల గ్రానైటు నేల. నీటిమట్టం ఒక అడుగు తగ్గితే నిన్నటిదాకా లోతున ఉన్న గుండు ఇవాళ ప్రొపెల్లరుకు అందుతుంది.

అక్కడ ఒక రక్షణ బోటు పూర్తి వేగంతో వెళ్తూ ఇనుప చువ్వను తాకిందనుకుందాం. మూడు రెక్కల్లో ఒకటి చిరిగింది, స్కెగ్ కొస ఊడింది, మోటారు ఒక్కసారి పైకి లేచి పడింది. తరువాత పడవ మామూలుగానే నడిచింది, కాస్త వణుకు మాత్రం ఉంది. ఆ వణుకు చిరిగిన రెక్కదా, వంగిన షాఫ్టుదా? కొత్త ప్రొపెల్లరు వేస్తే వణుకు పూర్తిగా పోతే మొదటి అనుమానం బలపడుతుంది, పోకపోతే రెండోది. మొదటిదే నిజమైనా, చిరిగిన రెక్కతో ఎంత సేపు నడిపారన్నది ముఖ్యం. సమతూకం తప్పిన ప్రొపెల్లరు తిరిగినంత సేపూ బేరింగును, సీలును అరగదీస్తూనే ఉంటుంది.

మునిగిన కాలనీలో కథ వేరు. అక్కడ వేగం తక్కువ, తాకిళ్లు ఎక్కువ. కారు పైకప్పు, రోడ్డు విభాజకం, ప్రహరీ గోడ, తెరుచుకున్న గేటు. ఏ ఒక్క దెబ్బా పెద్దది కాదు, కానీ ఒక రాత్రిలో పదే పదే తగులుతాయి. ఇంకా పెద్ద బెడద, కొట్టుకొచ్చే బట్టలు, ప్లాస్టిక్ సంచులు, కేబుల్ తీగలు. సన్నని తీగో, చేపల వల దారమో ప్రొపెల్లరు వెనక షాఫ్టుకు చుట్టుకుంటే సీలును కోసేస్తుంది. బయటికి ఒక్క గీతైనా కనిపించదు. బురద నీళ్లు పంపు రబ్బరు చక్రాన్ని అరగదీస్తాయి, సంచి అడ్డుపడితే నీరు అందక ఇంజిన్ వేడెక్కుతుంది. మోటారు పక్క నుంచి చిమ్మే సన్నని నీటి ధార బలహీనపడితే దాని సూచన అదే. హుస్సేన్ సాగర్ బోటుకు గేర్లు చూడాలి, కాలనీ బోటుకు సీలు, పంపు, బ్రాకెట్టు చూడాలి. ఒకే పట్టిక రెంటికీ పెట్టుకుంటే రెంటికీ సగమే సరిపోతుంది.

సముద్ర తీరాల కోసం రాసిన సలహాల్లో ఉప్పు తుప్పు గురించి చాలా ఉంటుంది. మన చెరువుల్లో బోల్టులు అంతగా పట్టేయవు. ఆ మేరకు గేర్ పెట్టె విప్పడం ఇక్కడ సులువు. బురద విషయంలో మాత్రం మన నీళ్లే మోటారుకు కఠినం.

బాగుచేయడమా, మార్చడమా

అసలు వివాదం ఇక్కడే. నాకు అర్థమైన మేరకు దీన్ని తేల్చడానికి ఒక హద్దు పనికొస్తుంది: ఆయిలుకు బయట ఉన్నవి, ఆయిలు లోపల ఉన్నవి. బయటి భాగాలను బాగుచేయడం చాలాసార్లు సబబే. లోపలివాటిలో, ముఖ్యంగా కొలతల మీద నడిచేవాటిలో మార్చడమే మేలు. ఈ హద్దు అందరికీ ఒప్పుదల కాదు, దాని మీద గట్టి అభ్యంతరాలున్నాయి.

అల్యూమినియం ప్రొపెల్లరు అంచున చిన్న గాట్లు పడితే ఆకురాయితో సాపు చేసి వాడతారు. వంగిన రెక్కను వేడి చేసి సరిచేయవచ్చు, ఊడిన ముక్క చోట వెల్డింగుతో లోహం పోసి ఆకారం తేవచ్చు. ఇలా బాగుచేసినవి ఏళ్ల తరబడి పనిచేస్తాయని కొందరంటారు, నిపుణుడి చేతిలో అది నిజం. ఒకసారి వంగి సాగిన అల్యూమినియం మళ్లీ అంత గట్టిగా ఉండదని, మూడు రెక్కల పిచ్ సమానంగా లేకపోతే వణుకు మిగులుతుందని ఎదుటివారి వాదన, అదీ నిజమే. విహారానికి బాగుచేసినది చాలు. వరదలో మనుషులను తెచ్చే పడవకు కొత్తది వేసి, బాగుచేసినదాన్ని పడవలోనే అదనంగా ఉంచుకునే పద్ధతి నాకు సమంజసంగా తోస్తుంది.

విరిగిన స్కెగ్‌కు ఆర్గాన్ వెల్డింగు చేస్తారు, లేదా ఉక్కు తొడుగు బోల్టులతో బిగిస్తారు. స్కెగ్ గేర్ల గూటికి కొంత దూరంగా ఉంటుంది కాబట్టి వెల్డింగు ఇక్కడ చెల్లుతుంది. అయినా వేడికి సీళ్లు మాడే అవకాశం ఉన్నందున వాటిని మార్చడం, గాలి పరీక్ష మళ్లీ చేయడం ఆ పనిలో భాగమే. తొడుగుకు వేడి అవసరం లేదు, కానీ స్కెగ్ మొదలంటా పోయి ఉంటే బిగించడానికి చోటు మిగలదు.

గేర్ పెట్టె గోడే పగిలితే సంగతి మారుతుంది. అచ్చులో పోసిన ఆ అల్యూమినియంలో సన్నని రంధ్రాలుంటాయి, ఏళ్లుగా వాటిలోకి ఆయిలు ఇంకి ఉంటుంది. వెల్డింగు పెట్టగానే అది బుడగలై పొంగుతుంది, అతుకు గట్టిపడదు. అంతకన్నా ముఖ్యం, వేడికి బేరింగు గూడు వెంట్రుకవాసి వంకర పోయినా గేర్లు సరిగా కలవవు. బాగా శుభ్రం చేసి, నెమ్మదిగా వేడి చేసి, తరువాత గూడును మళ్లీ కోసి కొలతకు తెచ్చినవాళ్లు ఉన్నారు. అది చేయగల పనే. ఆ శ్రమకు అయ్యే ఖర్చు గేర్ పెట్టె కొత్త గూడు ధరను చేరుకుంటుందా అన్నదే తేల్చుకోవలసింది.

షాఫ్టు విషయంలో పోరు ఇంకా గట్టిది. వంగినదాన్ని ప్రెస్సు మీద సాపు చేయవచ్చని లేత్ పనివాళ్లు అంటారు, చేసి చూపిస్తారు కూడా. తయారీదారులు సాధారణంగా మార్చమనే చెబుతారు. వంచి మళ్లీ వంచిన ఉక్కులో సన్నని పగుళ్లు మొదలై ఉండవచ్చు, అవి పైకి కనబడవు. రంగు ద్రవం పూసి పగుళ్లను పట్టే పరీక్ష చేయించి, పగులు లేదని తేలితే, తక్కువ వేగంలో నడిచే చిన్న మోటారుకు సాపు చేసిన షాఫ్టు వాడటాన్ని తప్పు పట్టలేం. ఆ పరీక్ష లేకుండా వాడటాన్ని మాత్రం సమర్థించలేను.

గేరు పన్ను విరిగితే ఒక్క గేరే మార్చడం పొదుపుగా కనిపిస్తుంది. కానీ ఒకదానితో ఒకటి నడిచి అరిగిన గేర్లు జతగానే సరిపోతాయి. కొత్తవి వేసినప్పుడు పళ్ల మధ్య ఉండవలసిన సందును పలుచని రేకుల మందం మార్చుతూ సరిచేయాలి, దానికి కొలత పనిముట్లు కావాలి. అవి లేనివాడు పాత రేకులనే తిరిగి పెట్టి మూసేస్తాడు. మోటారు మొదట బాగానే నడుస్తుంది, గేరు మూలుగు కొన్ని వారాల తరువాత మొదలవుతుంది. అందుకే కొందరు విడి భాగాల జోలికి పోకుండా గేర్ పెట్టె మొత్తాన్ని తయారుగా కొని బిగించేస్తారు. ఖర్చు ఎక్కువ, పొరబాటుకు చోటు తక్కువ.

బాలానగర్, రాణీగంజ్ ఏ మేరకు అక్కరకు వస్తాయి

ఔట్‌బోర్డ్ విడిభాగాల వ్యాపారం సహజంగా తీర ప్రాంతాల వైపే ఉంటుంది. కానీ హైదరాబాద్‌కు వేరే బలముంది. బాలానగర్, జీడిమెట్ల వర్క్‌షాపుల్లో లోహంతో చేయలేని పని తక్కువ. బాలానగర్‌లో పనిముట్ల రూపకల్పన నేర్పే కేంద్ర సంస్థ 1968 నుంచి నడుస్తోంది. రాణీగంజ్ వీధుల్లో బేరింగులు, సీళ్లు, పంపు సామాన్ల దుకాణాలు బారులు తీరి ఉంటాయి.

బేరింగు మీద చెక్కిన అంకె ప్రపంచమంతటా ఒకటే కాబట్టి అదే అంకె ఉన్న మంచి బేరింగును బజారులో కొనడంలో తప్పులేదని ఒక వాదన. చాలా బేరింగుల విషయంలో అది ఒప్పుకోవలసిందే, కొన్నింటికి మాత్రం మోటారు కంపెనీ ప్రత్యేక కొలతలు పెడుతుంది. సీళ్ల దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి. లోపలి, బయటి వ్యాసాలు కలిసినా పెదవి ఒకటా రెండా, స్ప్రింగు నీళ్లలో తుప్పు పట్టేదా కాదా, ఏ వైపు తిప్పి కూర్చోబెట్టాలి అన్నవి కూడా కలవాలి. సాధారణ యంత్రాల సీలు ఆయిలును ఆపడానికి చేసింది. ఇక్కడ అవతల నీళ్లున్నాయి.

ఉక్కు ప్రొపెల్లరు, రక్షణ తొడుగు

రాళ్లున్న నీళ్లలో స్టెయిన్‌లెస్ స్టీల్ ప్రొపెల్లరు వేస్తే పదే పదే మార్చనక్కర్లేదని ఒక అభిప్రాయం. అది గట్టిది, చిన్న దెబ్బలకు వంగదు. వంగని ఆ గుణమే ముప్పని ఎదుటి వాదన: అల్యూమినియం రెక్క చిరిగి మింగే శక్తిని ఉక్కు రెక్క నేరుగా గేర్లకు పంపుతుంది. బుష్ ఉంది కదా, అది జారుతుంది కదా అని ఉక్కు పక్షం బదులిస్తుంది. బుష్ కొత్తగా, సరైనదై ఉన్నంతవరకు ఆ బదులు నిలుస్తుంది. లోతు తెలియని నీళ్లలో అల్యూమినియమే నాకు నచ్చుతుంది. పోయేది చవకైన భాగం, పడవలో ఇంకొకటి ఉంచుకుంటే మార్చడం కూడా సులువు.

ప్రొపెల్లరు చుట్టూ వలయంలా బిగించే రక్షణ తొడుగు గురించి మాట్లాడేటప్పుడు మోటారు కంటే మనుషులను ముందు తలచుకోవాలి. వరద నీళ్లలో జనం పడవ పక్కనే నడుస్తారు, ఈదుతారు, పడవను పట్టుకుని వేలాడతారు. తొడుగు వాళ్ల కాళ్లను కాపాడగలదు. దానికి ప్రతిగా తోపు తగ్గుతుంది, ఎక్కువ వేగంలో పడవ తిరుగుడు మారుతుంది, సంచులు, తీగలు దాని కడ్డీల్లో ఇరుక్కుంటాయి. హుస్సేన్ సాగర్‌లో జోరుగా పోవలసిన బోటుకు అది భారం. కాలనీ సందుల్లో మెల్లగా తిరిగే పడవకు ఆ నష్టాలు భరించదగ్గవే.

చేతులు మారే మోటార్లు

ఒకే మనిషి నడిపే మోటారుకు దెబ్బ తగిలితే ఆ మనిషికి గుర్తుంటుంది. రక్షణ పడవల మోటార్లు అలా ఉండవు. రాత్రి ఒక బృందం, పగలు ఒక బృందం, వరద తగ్గాక గోదాము, మరో ఏడాది మరో ఊరు. రాత్రి రెండు గంటలకు ప్రహరీకి తగిలిన దెబ్బ ఉదయం బృందానికి తెలియదు. సీలులోంచి నీళ్లు చేరిన గేర్ పెట్టె గోదాములో నెలల తరబడి పడి ఉంటే బేరింగు తుప్పు పట్టి, మళ్లీ అవసరం పడిన రోజే పట్టేస్తుంది.

దీనికి వాడే సాధనం చాలా చిన్నది. మోటారు నంబరుతో ఒక లాగ్ పుస్తకం ఉంటుంది. అందులో నడిచిన గంటలు, పోసిన పెట్రోలు రాస్తారు. తాకిడికి కూడా అందులో ఒక వరుస ఉంటే తరువాత విప్పేవాడికి దారి దొరుకుతుంది: ఏ రోజు, ఎక్కడ, గేరు ముందుకా వెనక్కా, ఇంజిన్ ఎంత వేగంలో ఉంది, ఏ భాగం మార్చారు, ఆయిలు ఏ రంగులో ఉంది, కొన్ని గంటలు నడిచాక మళ్లీ చూసినప్పుడు ఏ రంగులో ఉంది. బీమా సర్వేయరు అడిగేవి కూడా ఇంచుమించు ఇవే. అకస్మాత్తుగా తగిలిన దెబ్బకూ ఏళ్ల అరుగుదలకూ తేడా తేల్చాలంటే అతనికి విప్పకముందు తీసిన ఫొటోలు, తేదీ వేసిన ఆ వరుస తప్ప వేరే ఆధారం దొరకడం కష్టం.